నవలికకు హద్దు పదాల లెక్కా, నిర్మాణమా?

కథల_గంప: కొత్తగా రాసేవాళ్ల కోసం వచన ప్రక్రియల పట్టిక ఒకటి తయారుచేస్తున్నాం. కథ దగ్గరా నవల దగ్గరా పేచీ లేదు. మధ్యలో ఉన్న నవలికను దేనితో గుర్తుపట్టమందాం?

కొలబద్ద: పదాల లెక్కతో. సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో, నెబ్యులా పురస్కారాల వాళ్లు ఎప్పుడో గీతలు గీశారు. 7,500 పదాల లోపు కథ. అక్కణ్ణుంచి 17,500 లోపు ‘నావెలెట్’, మన పెద్దకథ అనుకోండి. 17,500 నుంచి 40,000 లోపు ‘నావెల్లా’, అదే మన నవలిక. 40,000 అందుకుంటే నవల. ఇంగ్లీషు నవలాకారుడు ఫార్‌స్టర్ 1927లో నవల మీద ఇచ్చిన ఉపన్యాసాల్లో 50,000 పదాలు దాటిన కల్పిత వచనమేదైనా నవలే అనుకుందాం అన్నాడు. గీత కాస్త అటూ ఇటూ జరగొచ్చు గానీ గీతంటూ ఉంది. నిర్మాణం అన్నారో, ఎవరి నోటికి తోచింది వాళ్లు చెప్తారు.

దీర్ఘవిరామం: ఆ అంకెలు ఇంగ్లీషు పదాలవి, కొలబద్ద గారూ. ‘ఐ వెంట్ ఇన్‌టు ద హౌస్’ ఐదు పదాలు. ‘ఇంట్లోకి వెళ్లాను’ రెండే. మనకు విభక్తి నామానికి అతుక్కుంటుంది, కర్త క్రియలోనే దాక్కుంటాడు. అదే రచన తెలుగులో చాలా తక్కువ పదాల్లో అయిపోతుంది. 17,500 గీత ఇక్కడ పెడితే అక్కడి నవలిక ఇక్కడ పెద్దకథ అయి కూర్చుంటుంది.

ఇంకో తిరకాసు. కంప్యూటర్ పదాలు లెక్కపెట్టదు, ఖాళీలు లెక్కపెడుతుంది. ‘రావాల్సివచ్చింది’ ఒకటి, ‘రావాల్సి వచ్చింది’ రెండు. ‘ఏమిటంటే’ ఒకటి, ‘ఏమిటి అంటే’ రెండు. సంధులు విడదీసి రాసే అలవాటున్నవాళ్లు ఒక్క వాక్యం కలపకుండానే గీత దాటేస్తారు.

కొలబద్ద: అయితే అక్షరాలు లెక్కపెట్టండి. ఖాళీల గొడవే ఉండదు.

దీర్ఘవిరామం: ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్ అక్షరాలు దాచుకునే యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ‘ఆమె’ కంటికి రెండు, యంత్రానికి మూడు. అంటే ‘ఆమె’ తీసేసి ‘స్త్రీ’ అని రాసుకుంటూ పోతే రచన పెరిగినట్టా? ఒత్తులూ సమాసాలూ ఎక్కువ వాడేవాళ్లకు నవలిక తొందరగా వచ్చేస్తుందన్నమాట.

కొలబద్ద: పుటలైనా చూడండి.

దీర్ఘవిరామం: ఏ ఖతి (ఫాంట్)? ఎన్ని పాయింట్లు? వరుసల మధ్య ఎడం ఎంత?

పుటలపిట్ట: నవలిక సంగతి గాలికొదిలేసి ఇద్దరూ స్పేస్‌బార్ మీద పడ్డారు.

ముడి_విప్పు: పొడవుతో మొదలుపెడితే ఇలాగే అవుతుంది. ఇటాలియన్‌లో ‘నొవెల్లా’ అంటే కొత్త కబురు. పద్నాలుగో శతాబ్దంలో ఇటలీ రచయిత బొకాచియో ‘డెకామెరాన్’లో చెప్పినవి వంద నొవెల్లాలు, వాటిలో కొన్ని రెండు మూడు పుటలే. జర్మన్ కవి గోథే 1827లో తన మిత్రుడు ఎకర్‌మన్‌తో మాట్లాడుతూ, ఎవరూ విని ఉండనిది ఒకటి జరగడమే నొవెల్లా అన్నాడు. అంకె ఎత్తలేదు. మన దగ్గర ‘రాజశేఖర చరిత్రము’ను వీరేశలింగం గారు వచన ప్రబంధం అనుకున్నారు. నవల అన్న పేరు దానికి ఇతరులు పెట్టింది.

నేను చూసేది ముడి, అంటే కథను నడిపించే చిక్కు. కథకు ఒక్క మలుపు చాలు: పాత్రకు ఏదో తెలుస్తుంది, అక్కడితో ఆపేయొచ్చు. నవలికలోనూ ముడి ఒకటే, కానీ అది బిగుసుకోవడం మూడు నాలుగు దశల్లో చూపించాలి, ప్రతి దశలోనూ వెనక్కి వెళ్లే దారి ఒకటి మూసుకుపోవాలి. నవలలో ముడులు చాలా, ఒకదాన్ని కదిపితే మరొకటి లాగుతుంది. పరీక్షించడం తేలికే. ఏదో ఒక దశను కొట్టేసి చదవండి. ముగింపు చెక్కుచెదరకపోతే అది నవలిక కాదు, సాగదీసిన కథ. సాగదీత ఎక్కడ బయటపడుతుందంటే, నడుమ వచ్చే గతంలో. మొదటి పుటల్లో తెలిసిందే మళ్లీ చెప్తుంది. నవలను కోసి నవలిక చేసినా తెలిసిపోతుంది: సంభాషణ ఉండాల్సిన చోట ‘ఆ తర్వాత వాళ్లిద్దరూ దూరమయ్యారు’ అని ఒక వాక్యం వచ్చి పడుతుంది.

కొలబద్ద: ఒకే ముడితో 90,000 పదాలు నడిచే డిటెక్టివ్ నవలలు కొల్లలు. చంపిందెవరు? అంతే. వాటిని నవలికలందామా?

ముడి_విప్పు: అనుమానితులు ఒక్కొక్కరూ దాచే అబద్ధం ఒక్కో ముడి. అవి విడితేగానీ పెద్దది విడదు.

కొలబద్ద: అలా లాగితే మూడు పుటల కథలోనూ పది ముడులు చూపిస్తాను. దీన్ని కొలతంటారా? పోటీ నుంచి రచన తిరిగొచ్చిన ప్రతివాళ్లకీ ఉన్నట్టుండి నిర్మాణం గుర్తొస్తుంది.

ముడి_విప్పు: చదివే ఓపిక లేని ప్రతి నిర్వాహకుడికీ అంకెలు గుర్తొచ్చినట్టే.

కథల_గంప: ఇద్దరూ మాట తగ్గించండి. పట్టికలో ఏం రాయాలో అడిగాను, అంతే.

కొలబద్ద: ఓపిక మాట ఎత్తారు గనక చెప్తున్నా. పోటీ పెట్టాక రెండు వందల రచనలు వచ్చి పడితే ఏది ఏ వర్గంలోదో చదవకముందే తేలాలి. ముగ్గురు న్యాయనిర్ణేతలకు పంచాలి, ఒక్కొక్కరికీ సమానంగా పని పడాలి. మీ ముడి చివరి పుట దాకా చదివితేగానీ తేలదు. అప్పుడు ‘ఇది కథండీ, ఆ వర్గంలో వేయాల్సింది’ అంటే ఎవరూరుకుంటారు?

ముడి_విప్పు: ఈ మాట మొదటే అని ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. మీది గుమ్మం దగ్గర అడిగే ప్రశ్న. నాది రాసేటప్పుడు బల్ల దగ్గర వేసుకునేది. గుమ్మం దగ్గర లెక్క ఉండాల్సిందే, కాదనను. దానికి నవలిక అని ప్రక్రియ పేరు ఎందుకు? ‘10,000 నుంచి 20,000 పదాలు’ అని ఊరుకోండి. పేరు తగిలించాక 8,000 దగ్గర పూర్తయిన కథకు రచయిత ఇంకో 2,000 పదాల చిన్ననాటి జ్ఞాపకాలు కుక్కుతాడు.

కొలబద్ద: పేరు తీసేస్తే పంపేవాళ్లు సగమవుతారు. ‘నవలికల పోటీ’ అంటే ఉత్సాహం వస్తుంది. ‘10,000 పదాల పోటీ’ అంటే గుమాస్తా పనిలా ఉంటుంది. పేరు తీయను.

ముడి_విప్పు: అయితే కుక్కుడూ ఆగదు.

దీర్ఘవిరామం: 10,000 అన్నారు. ‘ఆగదు కదా’లో ఖాళీ పెట్టాలా, కలిపేయాలా?