జన్యువు 'మూగబోయింది' అందామా, 'గొంతు పూడుకుపోయింది' అందామా?

పర్లాకిమిడి నుంచి:
మా పెద్దనాన్నకి ఎండీఎస్. ఎముక మజ్జలో రక్తకణాలు సరిగా ఎదగని జబ్బు. అజాసిటిడిన్ ఇంజెక్షన్లు ఇస్తున్నారు. డాక్టరు గారు మాటల్లో 'జీన్ సైలెన్సింగ్' అన్నారట. పెద్దనాన్న దాన్ని 'జీన్ చచ్చిపోయింది' అనుకుని రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. 'జన్యు నిశ్శబ్దీకరణ' అని చెప్పి చూశాను, అర్థం కాలేదు. ఆయన వ్యవసాయం చేసిన మనిషి. ఒక మంచి తెలుగు మాట చెప్పండి.

రాయగడ నుంచి:
'మూగబోవడం' అనమ్మా. తీగలు తెగకపోయినా వీణ మూగబోతుంది కదా. కణం అదుపు తప్పి పెరగకుండా ఆపే జన్యువులు మనలో కొన్ని ఉన్నాయి. మ్యుటేషన్ వస్తే వాటిలో అక్షరమే మారిపోతుంది. సైలెన్సింగ్‌లో అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. కాకపోతే జన్యువు మొదట్లో, దాన్ని చదవడం మొదలయ్యే చోట, మిథైల్ గుంపులనే చిన్న రసాయన ముక్కలు వచ్చి అతుక్కుంటాయి. అక్కడ డీఎన్ఏ బిగుసుకుపోయి చదవడం ఆగిపోతుంది. అలా పెరుగుదలను ఆపే జన్యువుల్లో ఒకటైన ఆర్‌బీకి, కంటి క్యాన్సర్‌లో ఇలా మిథైల్ గుంపులు పట్టడాన్ని 1989లోనే చూశారు.

బరంపురం నుంచి:
మాస్టారూ, 'మూగ' అంటే ఇక మాట రాదనే భయం ఉంది. జలుబు చేస్తే గొంతు పూడుకుపోయింది అంటాం, మందు పడితే విడుస్తుంది. నాకు అదే నచ్చింది. పైగా 'పూడిక' అన్న మాట రైతుకి చెప్పక్కర్లేదు.

ఈ పూడికకి కణం తిండితోనూ సంబంధం ఉంది. ఐడీహెచ్ అనే ఎంజైము పోషకాలను మార్చే పనిలో ఉంటుంది. కొన్ని రక్త క్యాన్సర్లలో, మెదడు కణితుల్లో అది చెడి, 2-హైడ్రాక్సీగ్లూటరేట్ అనే పదార్థం పోగవుతుంది. మిథైల్ గుంపులను తీసేసే టెట్ ఎంజైములను అది పని చేయనివ్వదు. అంటే పూడిక తీసేవాళ్లనే ఆపేస్తుంది. కణం తిండి పాడైతే జన్యువు గొంతు కూడా పూడుకుపోతుందన్న మాట.

పర్లాకిమిడి నుంచి:
అయితే అజాసిటిడిన్‌ని 'పూడిక తీసే మందు' అనొచ్చా?

రాయగడ నుంచి:
'పూడిక పడనివ్వని మందు' అను తల్లీ. పాతదాన్ని అది తవ్వి తీయదు. డీఎన్ఏలో చేరి, మిథైల్ అతికించే ఎంజైమును అక్కడే పట్టేస్తుంది. కణం విడిపోయిన ప్రతిసారీ కొత్త డీఎన్ఏ పోగుకి పూడిక తక్కువ పడుతుంది. అందుకే 28 రోజులకో విడత చొప్పున చాలా విడతలు ఇస్తారు. మొదటి విడతకే గుణం కనిపించలేదని పెద్దాయన దిగులు పడకుండా ఈ ముక్క తప్పకుండా చెప్పు.

పర్లాకిమిడి నుంచి:
రాత్రి చెప్పాను మాస్టారూ. అంతా విని, "అయితే కాలవ ఉంది, నీళ్లే పారడం లేదు" అన్నారు. తర్వాత విడత ఎప్పుడని ఆయనే అడిగారు.