ఆదివారం ఆటకి ఏ సాఫ్ట్‌బాల్ కొనాలి?

విజయనగరంలో మేం పదిహేను మందిమి, ఉద్యోగస్తులం, కాలేజీ పిల్లలం కలిసి, ఆదివారం పొద్దున్నే సాఫ్ట్‌బాల్ ఆడుతున్నాం. పేరుకే సాఫ్ట్! మొన్న ఆన్‌లైన్‌లో తెప్పించిన బంతి తగిలి మావాడి బొటనవేలు వాచిపోయి వారం రోజులు బండి కూడా నడపలేకపోయాడు. దాని మీద 12 అంగుళాలు (చుట్టుకొలత), సీఓఆర్ .47, కంప్రెషన్ 375 అని ఉంది. సీఓఆర్ అంటే తగిలాక ఎంత వేగంగా వెనక్కి ఎగురుతుందో అది, కంప్రెషన్ అంటే బంతిని పావు అంగుళం నొక్కడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో అది, అంటే గట్టిదనం కోసం మనం చూడాల్సింది రెండో అంకే కదా? మరి .52, 300 రకం తీసుకుంటే చేతికి మెత్తగా ఉంటుందా, లేక ఎగరడం ఎక్కువై ఇంకో తంటానా? సగం మందికి గ్లోవ్స్ కూడా లేవండి. వాడినవాళ్లు చెప్పండి. శ్రీకాకుళం, విశాఖ వైపు చేత్తో నొక్కి చూసి కొనుక్కునే షాపు ఏదైనా ఉందా?