చిక్కడపల్లి సైడ్ పాత 2బీహెచ్‌కే 68 లక్షలు చెప్తున్నారు, తీసుకోవచ్చా? అసలు ఇక్కడ ఫ్లాట్లు ఎందుకు దొరకట్లేదు?

ఈసీఐఎల్_అద్దె_ఇల్లు:

అందరికీ నమస్తే. మేం ఇప్పుడు హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర అద్దెకి ఉంటున్నాం, నా ఆఫీసు ఆబిడ్స్‌లో, మా ఆవిడ డ్యూటీ గాంధీ హాస్పిటల్ దగ్గర, రోజూ రానూపోనూ బస్సుల్లోనే ఇద్దరికీ ఓపిక అయిపోతోంది. నాన్న రిటైరయ్యారు, అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఇద్దరికీ బండి రాదు, ఏ చిన్న పనికైనా నేను ఇంటికొచ్చేదాకా ఆగాల్సిందే. అందుకే చిక్కడపల్లి, అశోక్‌నగర్, గాంధీనగర్, బాగ్‌లింగంపల్లి ఈ చుట్టుపక్కల ఇల్లు చూస్తున్నాం. అక్కడైతే కూరగాయల మార్కెట్టు, వెంకటేశ్వరస్వామి గుడి, సిటీ సెంట్రల్ లైబ్రరీ, సాయంత్రం త్యాగరాయ గానసభలో ఏదో ఒక ప్రోగ్రాం, మందుల షాపు, డాక్టరు, మెట్రో అన్నీ నడిచెళ్లే దూరంలోనే. ఒక ఆదివారం నాన్నని తీసుకెళ్తే లైబ్రరీలో పేపర్లు చదువుతూ కూర్చున్నారు, ఇంక లేవనంటారు.

సమస్య ఏంటంటే ఫ్లాట్లే లేవు. సైట్లలో పెట్టినవి ఫోన్ చేస్తే అయిపోయాయి అంటారు, లేదంటే అదే ఫ్లాట్‌ని ముగ్గురు బ్రోకర్లు మూడు రేట్లకి చెప్తారు. చివరికి ఒకటి దొరికింది. మెయిన్ రోడ్డు వెనక సందులో, 1994 బిల్డింగ్, మూడో ఫ్లోరు, 1050 ఎస్‌ఎఫ్‌టీ, లిఫ్ట్ లేదు, యూడీఎస్ (బిల్డింగ్ స్థలంలో మన వాటా) 40 గజాలు, 68 లక్షలు అంటున్నారు. ఇందులో 20 లక్షలు క్యాష్‌గా ఇవ్వాలంట, మిగతా 48కే రిజిస్ట్రేషన్. అదే డబ్బుకి నాగారం, ఘట్‌కేసర్ వైపు కొత్త ఫ్లాట్ లిఫ్టు, పార్కింగ్‌తో సహా పెద్దది వస్తుంది. ఇంట్లో అందరి మనసూ చిక్కడపల్లి మీదే ఉంది, కానీ ముప్పై ఏళ్ల బిల్డింగ్ అంటే భయంగా ఉంది. అక్కడ ఉంటున్నవాళ్లు, తెలిసినవాళ్లు కొంచెం చెప్పండి ప్లీజ్.

అశోక్‌నగర్_గల్లీ:

అన్నా, నేను పుట్టింది పెరిగింది ఇక్కడే. ఫ్లాట్లు దొరకకపోవడానికి కారణం ఇక్కడ అమ్మేటోళ్లే తక్కువ. పాత ఓనర్లు చాలామంది పెద్దోళ్లు, పిల్లలు అమెరికాలనో గచ్చిబౌలిలనో ఉంటరు, అయినా అమ్మరు, ఎందుకంటే ఇక్కడ అద్దె ఎప్పుడూ ఆగదు. గ్రూప్స్ కోచింగ్ పిల్లలు ఉన్నరు గదా, నోటిఫికేషన్ పడిందంటే వారంల రూములు ఖాళీ ఉండవు, 2బీహెచ్‌కేల ఎనిమిది మంది ఉంటరు. చాలా ఫ్లాట్లు హాస్టళ్లు అయిపోయినయ్. కొత్తగ కట్టనీకి ఖాళీ జాగ లేదు, సందులు చిన్నగ ఉండేసరికి పెద్ద టవర్లకు పర్మిషన్ రాదు. మనం హాయిగ నడుస్తున్నం అంటే ఆ సందుల వల్లనే, ఇండ్లు పెరగకపోవడం కూడ ఆ సందుల వల్లనే. అమ్మకానికి వచ్చినవి కూడ సైటు దాకా రావు, వాచ్‌మన్ చెప్తడు, పక్క ఫ్లాటోళ్ల చుట్టాలు కొనేస్తరు. నువ్వు సందు సందు తిరిగి వాచ్‌మన్లతోని, ఇస్త్రీ బండి వాళ్లతోని మాట్లాడు, బ్రోకర్ల కంటే వాళ్లకే ఎక్కువ తెలుస్తది.

నువ్వు చూసిన బిల్డింగుల ఎన్ని ఫ్లాట్లు హాస్టల్ నడుస్తున్నయో ముందు కనుక్కో. హాస్టల్ ఉంటే సంపు పొద్దున్నే ఖాళీ అయితది, నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తయి, ఎండకాలం ట్యాంకర్ పైసలు అందరూ కట్టాలె.

ఇంకోటి, వాన. హుస్సేన్‌సాగర్ నాలా పోయే దారిల అరవింద్‌నగర్, దోమలగూడ దిక్కు పల్లం ఉంటది, 2000ల, మళ్ల 2020 అక్టోబర్ల నీళ్లు ఇండ్లల్లకి వచ్చినయ్. నువ్వు మూడో ఫ్లోరే కావచ్చు, కానీ మోటరు, బండ్లు కిందనే గదా ఉండేది. సెల్లార్ గోడ మీద నీళ్ల మరక గీత ఉందా చూడు. కరెంటు మీటర్లు మనిషి ఎత్తు దాటి పైకి బిగించి ఉన్నయంటే ఆ బిల్డింగోళ్లు నీళ్లు చూసిన్రని అర్థం. సున్నం కొత్తగ వేసినా మీటర్లు మాత్రం దాచలేరు.

స్టీల్ బ్రిడ్జి పక్కన వచ్చే ఫ్లాట్లు మాత్రం వద్దు. ఇందిరాపార్క్ నుంచి వీఎస్‌టీ దాకా 2023 ఆగస్టుల ఓపెన్ చేసిన్రు, ట్రాఫిక్ తగ్గి కింద కొంచెం ఊపిరాడుతుంది గని, పై అంతస్తులోళ్లకి కిటికీ ముందరే కార్లు పోతయి.

స్ట్రక్చర్_చూసేవాణ్ని:

నేను సివిల్ ఇంజినీర్‌ని, పాత అపార్ట్‌మెంట్ల రిపేర్లు చేయిస్తుంటాను. 1994 అనగానే భయపడక్కర్లేదు, అదే ఏడు కట్టినవాటిలో గట్టిగా ఉన్నవీ చూశాను, చెయ్యి పెడితే రాలేవీ చూశాను. తేడా అంతా నీళ్లు ఎక్కడ కారాయి, ఎన్నాళ్లు పట్టించుకోకుండా వదిలేశారు అన్న దాంట్లోనే ఉంటుంది. ఫ్లాట్ లోపల కొత్త పుట్టీ, పెయింట్ చూసి మురిసిపోవద్దు. మీరు చూడాల్సింది పార్కింగ్‌లో పిల్లర్లు, బాత్రూంల కింద శ్లాబు, పైన టెర్రస్. పిల్లర్‌కి కింద నుంచి నిలువుగా పగులు ఉండి దాని వెంబడి తుప్పు మరక కనిపిస్తే లోపల ఇనుము ఉబ్బుతోందని అర్థం, అది ప్లాస్టరింగ్‌తో పోయేది కాదు. కింది ఫ్లాట్ వాళ్లని అడిగి వాళ్ల బాత్రూం సీలింగ్ చూడండి, అక్కడ మీ ఫ్లాట్ చరిత్ర అంతా ఉంటుంది. కొనే ముందు ఒక ఇంజినీర్‌ని పెట్టి రీబౌండ్ హ్యామర్ టెస్ట్ (కాంక్రీటు గట్టిదనం చూసే పరీక్ష) చేయించుకోండి, 68 లక్షల ముందు ఆ ఫీజు ఎంత.

బ్రోకర్ రీడెవలప్‌మెంట్ గురించి కూడా చెప్పే ఉంటాడు, 40 గజాల యూడీఎస్ ఉంది, రేపు బిల్డర్ వస్తే కొత్త ఫ్లాట్ ఫ్రీగా వస్తుంది అని. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దండి. మీది 12 ఫ్లాట్ల బిల్డింగ్ అయితే స్థలం సుమారు 480 గజాలు ఉంటుంది. ఇప్పుడు ఎన్ని అంతస్తులకి పర్మిషన్ ఇస్తారనేది స్థలం సైజు, ముందున్న రోడ్డు వెడల్పు బట్టి ఉంటుంది, 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం సెట్‌బ్యాక్‌లు (చుట్టూ ఖాళీ స్థలం) వదలాలి, స్టిల్ట్ పార్కింగ్ (కింద పిల్లర్ల మధ్య బండ్లకి చోటు) ఇవ్వాలి, సందు ఇరుకైతే రోడ్డుకి కూడా కొంత స్థలం పోతుంది. పాతవాళ్లు అప్పట్లో దాదాపు గోడ నుంచి గోడకి కట్టేశారు, అవన్నీ వదిలితే ఉన్న పన్నెండు మందికి సరిపడా ఫ్లాట్లు రావడమే కష్టం, ఇక బిల్డర్‌కి మిగిలేదేంటి? పైగా అందరు ఓనర్లూ సంతకం పెట్టాలి, అందులో ఒకరు ఫారిన్‌లో, ఇంకొకరు కోర్టులో ఉంటారు. పెద్ద రోడ్డు మీద వెయ్యి గజాలున్న బిల్డింగ్ అయితే కథ వేరు. మీది వెనక సందు అంటున్నారు కాబట్టి అందులో ఉండటానికే కొంటున్నాం అనుకుని రేటు మాట్లాడండి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు అన్నారు, లిఫ్ట్ లేని మూడో ఫ్లోరు అన్నారు. కింద సందులో అన్నీ నడిచెళ్లే దూరంలోనే ఉన్నా ఆవిడ రోజూ ఎన్నిసార్లు దిగి ఎక్కగలరు?

లోన్_డెస్క్:

హోమ్ లోన్ల పనిలో ఉన్నాను కాబట్టి డబ్బు సంగతి చెప్తా. ఆ 20 లక్షల క్యాష్‌కి ఒప్పుకోవద్దు. మొదటిది, అది చట్టానికి విరుద్ధం, ఆస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన క్యాష్ తీసుకుంటే తీసుకున్నవాళ్లకి అంతే మొత్తం పెనాల్టీ పడుతుంది. రెండోది, మీకే నష్టం, ఎలాగో చూడండి. 68 లక్షలకి అగ్రిమెంట్ ఉంటే 80 శాతం వరకు, అంటే 54 లక్షల దాకా లోన్ అడగొచ్చు, చేతి నుంచి 14 లక్షలు పెట్టుకోవాలి, పైన రిజిస్ట్రేషన్‌కి 7.5 శాతం చొప్పున 5.1 లక్షలు. అదే 48కి రాస్తే లోన్ 38 దాటదు, అంటే మీ చేతి నుంచి 30 లక్షలు కావాలి, దాని పైన మళ్లీ రిజిస్ట్రేషన్ 3.6. లక్షన్నర మిగులుతుందని బ్రోకర్ చెప్తాడు గానీ పదహారు లక్షలు ఎక్కువ తేవాలని చెప్పడు. రేపు మీరు అమ్మేటప్పుడు కొన్న ధర 48గానే ఉంటుంది, ఇప్పుడున్న 12.5 శాతం లెక్కన ఆ 20 లక్షల మీద మీరే రెండున్నర లక్షలు ట్యాక్స్ కట్టాలి. మొత్తం వైట్ అయితే 50 లక్షలు దాటుతుంది కాబట్టి 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి ముందే పట్టే ట్యాక్స్) పట్టుకుని కట్టడం మీ బాధ్యత, అమ్మేవాళ్లు ఎన్‌ఆర్‌ఐ అయితే ఆ రూల్ వేరు, అది తప్పకుండా అడగండి.

పాత బిల్డింగ్‌లకి లోన్ వస్తుంది, కానీ బ్యాంకు వాల్యుయర్ ఇంకా ఎన్నేళ్లు నిలబడుతుందో రాస్తాడు, దాన్నిబట్టి 20 ఏళ్లు అడిగితే 15కి కుదించొచ్చు, ఈఎంఐ పెరుగుతుంది. బయానా ఇచ్చే ముందే ఇది తేల్చుకోండి. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) 1983 నుంచి ఆన్‌లైన్‌లో తీయొచ్చు, ఈ బిల్డింగ్‌కి రిజిస్టరైన లావాదేవీల చరిత్ర అందులోనే వస్తుంది. శాంక్షన్ ప్లాన్‌లో మూడో ఫ్లోరు ఉందో లేదో కూడా చూడండి, ఆ టైంలో జీ ప్లస్ టూ పర్మిషన్ తీసుకుని పైన ఇంకోటి వేసినవి చాలా ఉన్నాయి. అలాంటిదైతే బీపీఎస్‌లోనో బీఆర్‌ఎస్‌లోనో (పర్మిషన్ లేని కట్టడాల్ని రెగ్యులరైజ్ చేసిన ప్రభుత్వ స్కీములు) రెగ్యులరైజ్ అయిన ప్రొసీడింగ్స్ కాగితం చేతికి రావాలి, అప్లై చేశాం అన్న రసీదు సరిపోదు.

ఈసీఐఎల్_అద్దె_ఇల్లు:

చాలా థాంక్స్ అందరికీ. అమ్మ సంగతి మీరు అడిగాక ఇంట్లో మాట్లాడాం, మేం చూడ్డానికి వెళ్లిన రోజు కూడా ఆవిడ రెండో ల్యాండింగ్‌లో కూర్చుండిపోయింది, బాగానే ఉందని అంటుంది గానీ. ప్లాన్ కాపీ అడిగితే ఓనర్ ఇంకా ఇవ్వలేదు. మరి ఇక్కడ అద్దెలు ఎలా ఉన్నాయి?

నడక_కుటుంబం:

మేం గాంధీనగర్‌లో అద్దెకే ఉంటున్నాం అండి, 2బీహెచ్‌కే ఫస్ట్ ఫ్లోరు, మెయింటెనెన్స్‌తో కలిపి 19 వేలు. లెక్క వేసుకోండి, 50 లక్షల లోన్ 8 శాతానికి 20 ఏళ్లకి తీసుకుంటే ఈఎంఐ దాదాపు 41,800. ముందు పెట్టే డబ్బు, రిపేర్లు ఇంకా అందులో కలపలేదు. ఈ ఏరియాలో కొనడానికీ అద్దెకీ మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు తొందరపడి లిఫ్ట్ లేని ఇల్లు కొనడం ఎందుకు? కొనొద్దని కాదు, మేమూ కొనాలనే చూస్తున్నాం. కానీ ఇక్కడ ఉంటూ వెతికితేనే మంచివి తెలుస్తాయి, పైన అన్న చెప్పినట్టు అన్నీ నోటి మాటే.

ఘట్‌కేసర్ సంగతి అడిగారు కదా. మా అత్తగారు పొద్దున కొత్తిమీర కోసం ఒకసారి, సాయంత్రం గుడికి ఒకసారి, మధ్యలో బీపీ చూపించుకోడానికి ఇంకోసారి తనంతట తనే వెళ్లొస్తారు. మా అక్కావాళ్లు అటు కొత్త కమ్యూనిటీలో ఉంటారు, ఇల్లు అద్భుతంగా ఉంటుంది, కానీ వాళ్ల అత్తగారు గేటు దాటాలంటే ఎవరో ఒకరు కారు తీయాలి. మాకు బండి ఒక్కటే, కారు లేదు, చిక్కడపల్లి స్టేషన్‌లో ఎక్కితే మీ ఆవిడకి గాంధీ హాస్పిటల్ మూడో స్టేషనే, మీరు ఆబిడ్స్‌కి నేరుగా బస్సులో వెళ్లిపోవచ్చు. హైటెక్ సిటీ ఉద్యోగం అయితే నేను ఇంత గట్టిగా చెప్పను, పరేడ్ గ్రౌండ్‌లో మారాలి, గంట పైనే పడుతుంది. మీ ఇద్దరి ఉద్యోగాలకీ మాత్రం ఇంతకంటే మంచి చోటు లేదు.

అశోక్‌నగర్_గల్లీ:

అక్క చెప్పింది కరెక్ట్. అన్నా, అద్దెకైతే ఇప్పుడే చూడు, కొత్త నోటిఫికేషన్ వచ్చిందంటే ఓనర్లు ఫ్యామిలీలకు ఇయ్యరు. ఫ్యామిలీ, ముసలోళ్లు ఉన్నరు, లాంగ్ లీజ్ తీసుకుంటం అంటే కొందరు పెద్దోళ్లు వెయ్యి రెండు వేలు తగ్గిస్తరు కూడ, హాస్టల్ గొడవతోని విసిగిపోయిన్రు. లైబ్రరీ వెనక సందుల ఒక గ్రౌండ్ ఫ్లోర్ ఈ నెలాఖరుకి ఖాళీ అయితది, బోరు ఉంది, పల్లం కాదు. మెసేజ్ చెయ్, ఆదివారం మీ నాన్న లైబ్రరీకి వచ్చినప్పుడు చూపిస్త.