చోడిపిండి (రాగిపిండి), బెల్లం బిస్కెట్లు మర్నాటికే మెత్తబడుతున్నాయి

ప్రశ్న: ఉండేది విశాఖలో. ఇంటిల్లిపాదికీ తీపి పిచ్చి. మైదా, పంచదార మానేసి చోడిపిండి, అనకాపల్లి బెల్లంతో చేస్తున్నాను. ఓవెన్‌లో పరుచుకుపోతున్నాయి, మర్నాటికి మెత్తన. లోపం ఎక్కడండీ?

జవాబు: బెల్లం నీళ్ళలో కరిగిస్తున్నట్టున్నారు. వద్దండీ, తురిమి, జల్లించి పొడిగానే వేయండి. 100 గ్రాముల గోధుమపిండికి చోడిపిండి 60, బెల్లం 70, నెయ్యి 80 గ్రాములు, పావు చెంచా బేకింగ్ పౌడర్, ముద్దకు చాలినన్ని పాలు. చోడిపిండిని సన్నసెగన కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి పూర్తిగా చల్లార్చాలి. నెయ్యి పేరుకున్నదే వాడాలి, మన ఎండలకు కరిగే ఉంటుంది కాబట్టి ముందు ఫ్రిజ్‌లో పెట్టండి. ఒత్తిన బిస్కెట్లను కూడా అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, 160 డిగ్రీల్లో 18 నిమిషాలు కాల్చండి.

జవాబు: చోడిపిండి పెంచకండి, దానికి సాగే జిగురు లేదు, విరిగిపోతాయి. రంగు చూసి ఉడుకు తెలియదు. అంచు గట్టిపడి, నడుమ వేలికి కాస్త నొక్కుకుంటే తీసేయండి, చల్లారాక బిగుస్తాయి.

జవాబు: బెల్లం గాలిలో తేమను లాగేస్తుంది, మనది సముద్రపు గాలి. జల్లెడ మీద పూర్తిగా ఆరాకే బిగుతు మూత డబ్బాలో పెట్టండి. వేడిగా పెడితే మూతకు చెమట పట్టి అన్నీ పాడవుతాయి. మెత్తబడ్డవాటిని 140లో 6 నిమిషాలు మళ్ళీ కాల్చండి. ఇంకోటి, బెల్లమూ చక్కెరే. బిస్కెట్ రూపాయి బిళ్ళంత చాలు.