ఫ్రాంకెన్‌స్టైన్ సృష్టించిన ప్రాణి హంతకుడిగా మారింది ఎక్కడ?

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను. మేరీ షెల్లీ నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’ మీద సెమినార్ పత్రం రాయాలి. ప్రాణిని సృష్టించిన శాస్త్రవేత్త విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ దాన్ని వదిలేయడమే హింసకు మూలమని మా మేడమ్ అంటారు. నాకది పూర్తిగా మింగుడుపడటం లేదు.

ఆ ప్రాణి మొదట డి లేసీ అనే పేద కుటుంబానికి రహస్యంగా కట్టెలు తెచ్చిపెడుతుంది. మాట, చదువు వాళ్లను గమనించే నేర్చుకుంటుంది. వాళ్లు కొట్టి తరిమి, ఊరు విడిచాక ఆ ఇల్లు తగలబెడుతుంది. అయినా ఆ తర్వాత కూడా ఏటిలో కొట్టుకుపోతున్న అమ్మాయిని కాపాడుతుంది! దక్కింది తుపాకీ గుండు. చివరికి ఫ్రాంకెన్‌స్టైన్ చిన్న తమ్ముడు విలియం హత్య. అదీ ముందే తలచింది కాదు. తోడుగా పెంచుకుందామని పట్టుకుంటే పిల్లవాడు రాక్షసుడని తిట్టి, ఫ్రాంకెన్‌స్టైన్ పేరెత్తాడు. (మా గంగజాతరలో వేషగాళ్ల తిట్లను జనం నవ్వుతూ పడతారు. ఇక్కడ తిట్టు ప్రాణం తీసింది.)

మరి అసలు మలుపు గుండు దెబ్బా, ఆ పేరా? పైగా మిల్టన్ కావ్యం ‘పారడైజ్ లాస్ట్’ చదివి అది తనను ఆదాముతోనే కాక సైతానుతోనూ పోల్చుకుంటుంది. ద్వేషానికి భాషనిచ్చింది ఆ పుస్తకమేనని వాదిస్తే నిలుస్తుందా, సాగదీసినట్టు ఉంటుందా?

నా దగ్గరున్నది 1831 కూర్పు. 1818 నాటి మొదటి ముద్రణలో ఈ ఘట్టాలు వేరుగా ఉంటే, ఈ నవల పాఠం చెప్పినవారు దయచేసి అదీ తెలపండి.