సరకు మోసే ఎయిర్‌షిప్‌లలో మళ్లీ హైడ్రోజన్ నింపవచ్చా?

గాలివాటం:
కొన్నాళ్లుగా ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. మనుషులు ఎక్కకుండా సరకు మాత్రమే మోసే ఎయిర్‌షిప్‌లో, అంటే తేలికైన వాయువు బలంతో గాలిలో తేలే నౌకలో, హీలియం బదులు హైడ్రోజన్ ఎందుకు నింపకూడదు? ఈ మాట ఎత్తగానే ఎవరో ఒకరు హైడ్రోజన్ నింపిన జర్మన్ ఎయిర్‌షిప్ హిండెన్‌బర్గ్ పేరు చెబుతారు, చర్చ అక్కడితో ఆగిపోతుంది. 1937 మే 6న న్యూజెర్సీలోని లేక్‌హర్స్ట్‌లో అది కాలిపోయినప్పుడు అందులో ఉన్న 97 మందిలో 35 మంది, నేల మీద ఒకరు చనిపోయారు. ఆ ప్రాణాలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ లోపల మనుషులే లేని నౌకకూ ఆ ప్రమాదమే కొలమానమా?

హీలియం నేల పొరల్లో యురేనియం, థోరియం క్షీణించడం వల్ల కోట్ల ఏళ్లపాటు కొద్దికొద్దిగా పోగుపడి, సహజవాయువుతో కలిసి బయటికి వచ్చే వాయువు. ఒకసారి గాలిలో కలిసిపోతే తిరిగి చేతికి రాదు. ఎంఆర్ఐ యంత్రాలకు కావలసిందీ అదే. హైడ్రోజన్‌ను నీటి నుంచి తీసుకోవచ్చు. పైగా సముద్రమట్టం వద్ద, 15 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు హీలియం సుమారు 1.05 కిలోలు ఎత్తితే, హైడ్రోజన్ 1.14 కిలోలు ఎత్తుతుంది. ఎనిమిది శాతమే కదా అనుకోవద్దు. నౌక సొంత బరువు మారదు కాబట్టి ఆ లాభమంతా సరకుకే చేరుతుంది. మొత్తం ఎత్తే బలంలో మూడో వంతు సరకుకు మిగిలే నౌకలో, సరకు దాదాపు పావు వంతు పెరుగుతుంది.

తూనికరాయి:
మీ లెక్క సరైనదే. కానీ సరకు ఎయిర్‌షిప్‌లు ఇంతకాలం నిలదొక్కుకోకపోవడానికి కారణం లోపలి వాయువు కాదని నా నమ్మకం. హీలియం నింపిన నౌకల చరిత్ర చూడండి. అమెరికా నౌకాదళానికి చెందిన షెనాండోవా 1925 సెప్టెంబరులో ఒహాయో మీద తుఫాను గాలిలో ముక్కలైంది. 14 మంది పోయారు. 1933 ఏప్రిల్ 4న ఆక్రన్ అట్లాంటిక్‌లో కూలినప్పుడు 76 మందిలో 73 మంది చనిపోయారు. హిండెన్‌బర్గ్ మృతులకు రెట్టింపు. అక్కడ ఎక్కడా మంట లేదు.

అసలు చిక్కు సరకు దించే క్షణంలో ఉంది. చదువుకునే రోజుల్లో మేము గది లోపల ఎగిరే చిన్న బ్లింప్ (లోపల చట్రం లేని ఎయిర్‌షిప్) ఒకటి తయారుచేశాం. నాలుగు ఘనపు మీటర్ల హీలియం, మొత్తం నాలుగు కిలోల బరువు. కింద కొక్కేనికి 300 గ్రాముల ఇసుక సంచి తగిలించి, నేలకు దగ్గరగా తెచ్చి వదిలేలా అమర్చాం. సంచి వదలగానే అది నిటారుగా లేచి పైకప్పుకు కొట్టుకుంది. కిందికి తోసే ప్రొపెల్లర్‌ను పూర్తి వేగంతో తిప్పినా దిగిరాలేదు. బ్యాటరీ అయిపోయేదాకా దూలం పక్కనే ఆనుకుని నిలబడింది. నిచ్చెన వేసి తెచ్చుకున్నాం.

ఇప్పుడు ఆ 300 గ్రాముల స్థానంలో 60 టన్నులు ఊహించండి. సరకు కొక్కెం వదిలిన మరుక్షణం 60 టన్నుల బలం నౌకను పైకి లాగుతుంది. దాన్ని ఆపాలంటే అంతే బరువు నీళ్లో ఇసుకో ఎక్కించాలి, లేదా అంతకు సరిపడా వాయువు వదిలేయాలి. హీలియం అయితే ఒక్కసారికి 57,000 ఘనపు మీటర్లు.

గాలివాటం:
మీరు నా పక్షానే వాదిస్తున్నారు! హీలియాన్ని అలా వదలలేం, నిజమే. హైడ్రోజన్‌ను వదలవచ్చు. సరకు దించిన చోట వాయువు విడిచి, తేలికగా తిరిగి వచ్చి, బయలుదేరిన చోట మళ్లీ నింపుకోవచ్చు. పాత జర్మన్ నౌకలు ప్రయాణమంతా ఇంధనం ఖర్చయ్యే కొద్దీ హైడ్రోజన్ వదులుతూనే నడిచాయి కదా.

తూనికరాయి:
అంకెలతో చూద్దాం. 60 టన్నులకు హైడ్రోజన్ సుమారు 52,600 ఘనపు మీటర్లు వదలాలి. బరువులో అది నాలుగున్నర టన్నులు. విద్యుత్తుతో నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైనే పడుతుంది, తొమ్మిది కిలోల నీరు కావాలి. అంటే ఒక్కసారి సరకు దించినందుకు రెండు లక్షల పాతిక వేల యూనిట్ల పైచిలుకు విద్యుత్తు, 40 టన్నుల నీరు. సరకు దించే చోట 60 టన్నుల నీరు నింపుకోవడం కష్టమని, నింపే చోట 40 టన్నుల నీరు విడగొట్టడానికి సిద్ధపడుతున్నాం.

ఇంకొకటి. వదిలేది ఎక్కడ? సరకు దించే చోటే, నేలకు దగ్గరగా, కింద మనుషులూ ఇంజన్లూ ఉన్నచోట.

నిప్పుకణిక:
హైడ్రోజన్ వాడే కర్మాగారంలో చాలా ఏళ్లు పనిచేశాను, అందుకే కలుగజేసుకుంటున్నాను. సంచిలో ఉన్న శుద్ధమైన హైడ్రోజన్ దానంతట అది మండదు, గాలి కలవాలి. అయితే గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా మండుతుంది. అంటించడానికి 0.02 మిల్లీజౌళ్ల శక్తి చాలు. పెట్రోలు ఆవిరికి కావలసిన దానిలో ఇది పదో వంతు. చొక్కా విప్పేటప్పుడు చిటపటలాడే నిప్పురవ్వలో ఇంతకంటే ఎక్కువ శక్తి ఉంటుంది.

అందుకే నేను వాయువు పేరు అడగను, అది ఎక్కడ గాలితో కలుస్తుందో అడుగుతాను. దృఢమైన చట్రం ఉన్న పాత నౌకల్లో గ్యాస్ సంచులకూ బయటి గుడ్డకూ మధ్య ఖాళీ ఉండేది. కారిన హైడ్రోజన్ గాలితో కలిసేది అక్కడే. ఆ ఖాళీలో గాలి ఎప్పుడూ కదులుతూ ఉండాలి, ప్రతి సంచి పైన హైడ్రోజన్‌ను పసిగట్టే పరికరం ఉండాలి, గుడ్డకూ చట్రానికీ మధ్య విద్యుత్ ఆవేశం పోగుపడకుండా అన్నీ కలిపి ఉండాలి. ఇవన్నీ ఇప్పుడు చేయగలం. కానీ పైలట్ లేడు కాబట్టి ప్రమాదం లేదన్న వాదనను మాత్రం ఒప్పుకోను. నౌకలో ఎవరూ లేకపోయినా, అది పడితే నేల మీదే పడుతుంది. తాడు పట్టుకునేవాళ్లు కిందే ఉంటారు.

నేలపట్టు:
తాడు పట్టుకునేవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పి తీరాలి. 1932 మే 11న ఆక్రన్ శాన్ డియాగో దగ్గర క్యాంప్ కెర్నీలో దిగడానికి వచ్చింది. ఖండం దాటి వచ్చేసరికి పదుల టన్నుల ఇంధనం ఖర్చయింది. దానికి తోడు ఎండకు హీలియం వేడెక్కింది. నౌక కిందికి దిగనంటోంది. కింద తాళ్లు పట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆ పనికి కొత్తవాళ్లైన యువ నావికులు. నౌక తన ముక్కు మీద నిటారుగా నిలబడే ప్రమాదం ఉందని లంగరు తీగ కోసేశారు, నౌక పైకి లేచింది. చాలామంది తాళ్లు వదిలేశారు. ముగ్గురు వదలలేదు. ఇద్దరు పైనుంచి పడి చనిపోయారు. మూడో అతను తాడుకు తనను కట్టుకుని వేలాడాడు. చాలాసేపటి తర్వాత నౌకలోకి లాగి కాపాడారు.

వాయువు చుట్టూ ఉన్న గాలికంటే 3 డిగ్రీలు వేడెక్కితే, సంచిలో వ్యాకోచించడానికి చోటున్నంతవరకు, ఎత్తే బలం ఒక శాతానికి పైగా పెరుగుతుంది. రెండు లక్షల ఘనపు మీటర్ల నౌకకు అది రెండు టన్నుల పైమాటే. మేఘం తొలగి ఎండ పడితే చాలు. హైడ్రోజనైనా హీలియమైనా ఇందులో తేడా లేదు. నేల మీద నౌకను పట్టి నిలిపే యంత్రాల రూపకల్పన మీద ఇంత చర్చ ఎందుకు జరగదో నాకు ఎప్పుడూ అర్థం కాదు.

గాలివాటం:
ఆ సంఘటన నాకు తెలియదు. చదువుతుంటే చేయి ఆగిపోయింది.

మరి హీలియాన్నే లోపల అదిమి ట్యాంకుల్లో దాచుకుంటే? సరకు దించేటప్పుడు కొంత వాయువును కుదిస్తే నౌక బరువెక్కుతుంది. కొన్ని సంస్థలు ఈ దారి ప్రయత్నించాయి.

తూనికరాయి:
సూత్రం నిజం. ట్యాంకు బరువు దగ్గర దెబ్బతింటుంది. మామూలు 50 లీటర్ల ఉక్కు సిలిండర్ 200 బార్ల ఒత్తిడి (మామూలు గాలి ఒత్తిడికి సుమారు 200 రెట్లు) వద్ద సుమారు 10 ఘనపు మీటర్ల హీలియం పట్టి, తాను 60 కిలోల దాకా తూగుతుంది. 57,000 ఘనపు మీటర్లకు అలాంటివి 5,700 కావాలి; బరువు 340 టన్నులు! కార్బన్ ఫైబర్‌తో ఇది ఎన్నో రెట్లు తగ్గుతుంది, అయినా పదుల టన్నులే. ఒత్తిడి తగ్గిస్తే గోడలు పలచబడతాయిగానీ ట్యాంకు పెద్దదవుతుంది. ఒత్తిడినీ ఘనపరిమాణాన్నీ గుణిస్తే వచ్చే విలువ మారదు కాబట్టి గోడల మొత్తం బరువు కూడా దాదాపు మారదు. ఎండ వేడి లాంటి చిన్న సవరణలకు ఈ పద్ధతి పనికొస్తుంది. 60 టన్నుల సరకుకు నాకు ఆశ లేదు.

జర్మనీలో కార్గోలిఫ్టర్ సంస్థ 160 టన్నులు మోసే నౌక కట్టాలనుకుంది. దానికోసం 360 మీటర్ల పొడవు, 107 మీటర్ల ఎత్తు ఉన్న హ్యాంగర్ కట్టారు. 2002లో సంస్థ దివాలా తీసింది, నౌక తయారుకాలేదు. ఆ హ్యాంగర్‌లో ఇప్పుడు విహార కేంద్రం నడుస్తోంది. దాని ఫోటో చూసినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది. వాళ్ల పథకంలో కూడా సరకు దించే చోట నీళ్లు ఎక్కించుకోవాల్సిందే.

చెరువుగట్టు:
నీళ్లు ఎక్కించుకోవడాన్ని మీరంతా శిక్షలా చూస్తున్నారు. రోడ్డు లేని అడవి నుంచి దుంగలు తెచ్చే పని తీసుకోండి. ఫ్లయింగ్ వేల్స్ అనే ఫ్రెంచ్ సంస్థ 60 టన్నుల నౌకను ప్రధానంగా ఇలాంటి పనులకే రూపొందిస్తోంది. నౌక గాలిలో ఆగి ఉండగానే దుంగలు ఎత్తి, ఆ మేరకు నీళ్లు వదలడం పద్ధతి. అడవిలో నీళ్లు వదలడం సులువు; దించే చోటికి వచ్చేసరికి నది ఒడ్డో మిల్లో ఉంటుంది, అక్కడ నీళ్లు దొరుకుతాయి. బరువు ఎక్కే చోటూ దిగే చోటూ ముందే తెలిసిన పనులను ఎంచుకుంటే ఈ చిక్కులో చాలా భాగం తీరుతుంది. ఎక్కడికైనా ఏదైనా మోస్తామని ప్రకటించినప్పుడే తంటా.

గాలివాటం:
సరకు విషయంలో ఒప్పుకుంటున్నాను, హైడ్రోజన్ వదలడం దారి కాదు. కానీ ఇంధనం సంగతి మిగిలింది. ఆక్రన్‌లో హీలియం వదలకుండా ఉండడానికి ఇంజన్ పొగ నుంచి నీటిని పట్టే యంత్రాలు పెట్టారు. నౌక పక్కల నల్లటి పట్టీల్లా కనిపించేవి అవే. కిలో పెట్రోలు మండితే కిలోకు పైగానే నీరు వస్తుంది కాబట్టి లెక్క కుదిరేదిగానీ ఆ యంత్రాల బరువు, గాలి నిరోధం భరించాల్సి వచ్చేది. జర్మన్ ఎయిర్‌షిప్ గ్రాఫ్ జెప్పెలిన్ వాళ్లు గాలితో దాదాపు సమాన సాంద్రత ఉన్న బ్లావ్ గ్యాస్‌ను ఇంధనంగా వాడారు. ఎంత మండినా నౌక బరువు మారేది కాదు. 1929లో భూమిని చుట్టి వచ్చింది దానితోనే.

హైడ్రోజన్ ఉంటే మరో మార్గం ఉంది. కిలో డీజిల్ మండినప్పుడల్లా ఎత్తే హైడ్రోజన్ నుంచి 0.88 ఘనపు మీటర్లు తీసి అదే ఇంజన్‌లో మండిస్తే తూకం నిలబడుతుంది. ఆ హైడ్రోజన్ 75 గ్రాములే, కానీ అందులోని శక్తి డీజిల్ శక్తిలో ఐదో వంతు. వృథాగా వదలాల్సినది ఇంధనమవుతుంది.

తూనికరాయి:
దీన్ని కాదనలేను. ఈ చర్చలో హైడ్రోజన్ తరఫున వచ్చిన వాదనల్లో నన్ను కదిలించింది ఇదే. దూరప్రయాణం చేసే నౌకకు ఇది నిజమైన లాభం.

ఒక్కటి తేల్చండి. సంచి నుంచి ఇంజన్ దాకా ఆ గొట్టం ఏ దారిన వస్తుంది? నిప్పుకణిక గారు చెప్పిన ఖాళీ గుండా వస్తే, కీళ్లు ఎక్కడ పెడతారు, కారితే గాలి దాన్ని ఎటు లాక్కుపోతుంది? ఇంజన్లను వెనక్కి జరిపి గొట్టాన్ని చట్రం బయట నడిపితే నాకు అభ్యంతరం తగ్గుతుంది. మీ దగ్గర బొమ్మ ఉంటే పెట్టండి, కీలు కీలుగా చూద్దాం.

నిప్పుకణిక:
గొట్టానికి రెండు పొరలు పెట్టి, మధ్యలో నైట్రోజన్ నింపండి. ఆ నైట్రోజన్ ఒత్తిడి మారితే కారుతోందని తెలుస్తుంది. మా కర్మాగారంలో ఇలాంటి దాన్నే వాడాం. బొమ్మ వేసేటప్పుడు ఆ రెండో పొర బరువు కూడా లెక్కలో వేసుకోండి.