ఫైర్ అని తల తింటున్న రూమ్మేట్, అప్పుల్లో నేను: అసలు ఏం చదవాలి?

అందరికీ నమస్కారం. ఎం.ఎస్. అయ్యాక ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి) మీద డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉద్యోగంలో చేరాను, ఇప్పటికి మూడు జీతాలు తీసుకున్నా. ఊళ్లో ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన ఎడ్యుకేషన్ లోన్ ఇంకా 18 లక్షలుంది, వడ్డీ 11.5 శాతం. మా రూమ్మేట్ పొద్దున లేస్తే ఫైర్, పడుకునే ముందు ఫైర్ (డబ్బు కూడబెట్టుకుని ముందుగానే రిటైరవ్వడం), నలభై ఏళ్లకే ఉద్యోగం మానేస్తాడట. ఏవేవో బ్లాగుల లింకులు పంపుతుంటాడు, సగం అర్థం కావు. మనలాంటి వాళ్లకి నిజంగా పనికొచ్చేవి ఏవో పెద్దవాళ్లు ఎవరైనా చెప్తారా?

ఎడిసన్ నుంచి:

తమ్ముడూ, నేను అమెరికా వచ్చి 14 ఏళ్లయింది, 2015 ప్రయారిటీ డేట్ పట్టుకుని ఇంకా గ్రీన్ కార్డ్ క్యూలోనే ఉన్నా, కాబట్టి నా మాటల్లో కాస్త చేదు ఉంటే సర్దుకో. మీ రూమ్మేట్‌ని తిట్టకు, వాడు పట్టుకున్నది మంచి విషయమే. కాకపోతే ఆ బ్లాగులు రాసినవాళ్లకి వీసా గొడవ లేదు. వాళ్లు ఉద్యోగం మానేస్తే తెల్లారి సైకిలేసుకుని లైబ్రరీకి పోతారు, మనం మానేస్తే సూట్‌కేసు తూకం వేసుకోవాలి. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం కలిపి 90 రోజులు, స్టెమ్ ఎక్స్‌టెన్షన్ అని సైన్స్, ఇంజినీరింగ్ వాళ్లకిచ్చే పొడిగింపు వస్తే అదీ ఇదీ కలిపి 150, హెచ్1బీ వర్క్ వీసా అయ్యాక ఉద్యోగం పోతే మహా అయితే 60. ఫైర్‌లో మొదటి సగం ఆర్థిక స్వేచ్ఛ, రెండో సగం ముందుగా రిటైరవ్వడం కదా, గ్రీన్ కార్డ్ చేతికొచ్చేదాకా ఈ దేశంలో మనకి రెండో సగం లేదు. ఇది బుర్రలో పెట్టుకుని చదివితే ఆ రాతలన్నీ వేరేగా కనిపిస్తాయి.

ముందు మిస్టర్ మనీ మస్టాష్ బ్లాగు. పీట్ అడెనీ అని సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, 2005లో 30 ఏళ్లకే ఉద్యోగం మానేసి, 2011లో రాయడం మొదలుపెట్టాడు, కొలరాడోలో ఉంటాడు. అన్నీ చదవక్కర్లేదు, 2012 జనవరిలో రాసిన లెక్క ఒక్కటి చదువు. చేతికొచ్చిన జీతంలో పదిశాతం మిగిల్చేవాడు 51 ఏళ్లు పనిచేయాలి, సగం మిగిల్చేవాడు 17 ఏళ్లు, 65 శాతం మిగిల్చేవాడు పదిన్నరేళ్లు. ద్రవ్యోల్బణం పోను 5 శాతం రాబడి వస్తుందని, మానేశాక ఏడాదికి 4 శాతం తీసి వాడుకుంటారని అనుకుని కట్టిన లెక్క ఇది. నలుగురు కలిసి అపార్ట్‌మెంట్‌లో ఉంటూ, పప్పు, చారు వండుకుని తినే మన కుర్రాళ్లకి 50 శాతం పెద్ద విషయమేం కాదు, మనవాళ్లు ఆయన కంటే ముందు నుంచే చేస్తున్నారు, పేరు పెట్టలేదంతే. కారు తగ్గించి సైకిలెక్కమని ఆయన చెప్పేది మాత్రం వదిలెయ్, ఇర్వింగ్‌లో కారు లేకుండా కందిపప్పు కూడా రాదు. పాత కరోలా ఒకటి చూసుకో.

ఆ 4 శాతం 1994 నాటిది. విలియం బెంగెన్ అనే ఫైనాన్షియల్ ప్లానర్ అమెరికా స్టాకుల, బాండ్ల పాత చరిత్ర తిరగేసి, మొదటి ఏడాది ఉన్నదాంట్లో 4 శాతం తీసుకుని ఆ తర్వాత ధరలతో పాటు పెంచుకుంటూ పోయినా 30 ఏళ్ల దాకా డబ్బు అయిపోలేదని తేల్చాడు. ఏడాది ఖర్చుకి 25 రెట్లు ఉంటే చాలన్న మాట అందులోంచే వచ్చింది. నెలకి 2,000 డాలర్లయితే 6 లక్షల డాలర్లు. కానీ అది 30 ఏళ్ల లెక్క! నలభైకే మానేసి తొంభై దాకా బతికేవాడి సంగతి? దానికి ఎర్లీ రిటైర్మెంట్ నౌ అనే బ్లాగుంది, కార్‌స్టెన్ యెస్కె అనే ఎకనామిస్టు రాస్తాడు, 4 శాతం మీదే యాభైకి పైగా భాగాలు రాశాడు. మొత్తం చదివితే నిద్ర పట్టదు, మొదటి నాలుగైదు చాలు.

పెట్టుబడి ఎక్కడ పెట్టాలన్న దానికి జె.ఎల్. కాలిన్స్ బ్లాగులో స్టాక్ సిరీస్. కూతురికి ఉత్తరాలుగా మొదలైంది, అందుకే మన నాన్న చెప్పినట్టే ఉంటుంది. మొత్తం అమెరికా మార్కెట్‌ని కొనే తక్కువ ఖర్చు ఇండెక్స్ ఫండ్ ఒకటి తీసుకుని దాని జోలికి వెళ్లకు, అదే సారాంశం. 401కె, హెచ్‌ఎస్‌ఏ, రాత్ లాంటి పన్ను కలిసొచ్చే రిటైర్మెంట్, వైద్య ఖర్చుల ఖాతాల గుట్టు తెలియాలంటే మ్యాడ్ ఫైంటిస్ట్ బ్లాగు. అవి హెచ్1బీ వచ్చాక చదువు, ఇప్పుడే చదివితే అప్పు పక్కన పెట్టేసి వాటి వెంట పడతావు.

ఇక ఆ బ్లాగుల్లో ఎక్కడా దొరకనివి, నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నవి.

నీ పేస్లిప్ ఇప్పుడే తీసి చూడు. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద వచ్చి ఇంకా ఐదు క్యాలెండర్ సంవత్సరాలు దాటకపోతే మామూలుగా నీ జీతంలో సోషల్ సెక్యూరిటీ 6.2, మెడికేర్ 1.45 శాతం కోయకూడదు. నా మొదటి కంపెనీ ఎనిమిది నెలలు కోసింది, హెచ్‌ఆర్‌లో ఆవిడకి ఆ రూలే తెలియదు, వెనక్కి రావడానికి ఏడాది పట్టింది. అలాగే 1040ఎన్‌ఆర్ అనే నాన్ రెసిడెంట్ల టాక్స్ రిటర్న్ వేసేటప్పుడు మిగతా దేశాల విద్యార్థులకి లేని స్టాండర్డ్ డిడక్షన్ పన్ను ఒప్పందం వల్ల ఇండియా వాళ్లకి ఉంది, మర్చిపోవద్దు.

మ్యూచువల్ ఫండ్స్. నేను వచ్చేటప్పుడు ఇండియాలో ఐదు సిప్‌లు నడుస్తున్నాయి, పోనీలే నడవనీ అని వదిలేశా. పన్నుల లెక్కలో ఇక్కడ రెసిడెంట్ అయ్యాక అవన్నీ పీఫిక్, అంటే విదేశీ పెట్టుబడి కంపెనీల రూల్ కిందకి వస్తాయి, ఫండుకొక ఫారం 8621, ఐదు ఫండ్లంటే ఐదు ఫారాలు, మామూలుగా ఏటేటా. ఆ ఏడాది నా సీపీఏ (ఇక్కడి ఆడిటర్) ఫీజు ఆ ఫండ్లలో వచ్చిన లాభం కంటే ఎక్కువ. నీకేమైనా ఉంటే రెసిడెంట్ అయ్యేలోపే ఎవరైనా సీపీఏని అడిగి తేల్చుకో. రెసిడెంట్ అయ్యాక ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల రిపోర్టు కూడా వేయాలి. నాన్నతో జాయింట్‌గా ఉన్న ఖాతా కూడా లెక్కే, అక్కడే చాలామంది బోల్తా పడతారు.

మూడోది ప్లాటు. 2016లో షాద్‌నగర్ దగ్గర 200 గజాలు కొన్నాను. మొన్న సంక్రాంతికి నాన్న వెళ్లి వీడియో కాల్ చేశారు. నాలుగు హద్దురాళ్లలో రెండు లేవు, పక్కాయన కంది మా ప్లాటులోకి మూడు సాళ్లు వచ్చేసింది, నాన్న చెప్పు జారి పడబోతుంటే ఫోన్‌లో ఆకాశం కనిపించింది. డెబ్బై రెండేళ్ల మనిషిని ఆ ఎండలో నిలబెట్టి నా ఆస్తి చూసుకుంటున్నా. నా ఎక్సెల్‌లో ఆ ప్లాటు విలువ సున్నా వేశాను. అమ్మినరోజు అంకె మారుస్తా.

ఇంక నువ్వు చేయాల్సింది. కంపెనీ 401కెలో మ్యాచ్ ఇస్తే, అంటే నువ్వు వేసినదానికి తనూ కొంత కలిపితే, ఆ మేరకు పెట్టు, అది వదులుకోవద్దు. తర్వాత ఆరు నెలల ఖర్చు, దాని మీద ఇంటికి టికెట్, లీజు మధ్యలో వదిలేస్తే కట్టాల్సిన డబ్బు, ఇవి సేవింగ్స్‌లో ఉండాలి. నీ మొదటి ఫైర్ నంబర్ అదే, ఆరు లక్షల డాలర్లు తర్వాత. ఆపైన మిగిలింది మొత్తం లోన్‌కి. రూపాయి పడిపోతోంది కాబట్టి రూపాయి అప్పు నిదానంగా తీర్చినా లాభమేనని మీ రూమ్మేట్ అంటాడు చూడు, లెక్క ప్రకారం కొంత నిజమే. కానీ ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి, సంతకం మీ నాన్నది. ముందు అవి ఇంటికి తెచ్చుకో.

నల్లగండ్ల నుంచి:

అన్నగారు బాగా చెప్పారు, వెనక్కి వచ్చేసినదాన్ని కాబట్టి ఈ వైపు సంగతి నేను చెప్తాను. పన్నెండేళ్లు సియాటిల్‌లో ఉండి 2021 డిసెంబర్‌లో హైదరాబాద్ వచ్చేశాం. అప్పటికి మా దగ్గరున్నది ఇండియా ఖర్చుకి 40 రెట్లు అనుకున్నాం. అనుకున్నాం! నెలకి లక్షలో అయిపోతుందని రాసుకుంటే మొదటి ఏడాదే లక్షా డెబ్బై దాటింది. ఇద్దరు పిల్లల స్కూలు ఫీజులు, అత్తయ్యగారి మోకాలి ఆపరేషన్, పెళ్లిళ్లకి పెట్టుపోతలు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్. ఇండియా చవక అనేది మనం సెలవులకి వచ్చి అమ్మ వంట తినేటప్పటి మాట తమ్ముడూ. 25 రెట్లు అమెరికా చరిత్ర మీద కట్టిన లెక్క, ఇక్కడ ధరలు పెరిగే తీరు వేరు. ఇక్కడి లెక్కలకి ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ పట్టాభిరామన్ గారి ఫ్రీఫిన్‌కాల్ అనే సైట్ చూడండి, ఎక్సెల్ షీట్లు కూడా ఇస్తారు. నేనైతే 35 రెట్లకి తక్కువ పెట్టుకోను, అంటే నెలకి లక్ష అనుకున్నా 4 కోట్ల 20 లక్షలు.

వెనక్కి వచ్చేవాళ్లకి ఒక వెసులుబాటుంది. చాలా ఏళ్లు బయట ఉండి వస్తే మొదటి రెండు మూడేళ్లు ఆర్‌ఎన్‌ఓఆర్ (రెసిడెంటే కానీ మామూలు రెసిడెంట్ కాదు) అంటారు, ఆ కాలంలో అక్కడి వడ్డీ, డివిడెండ్, షేర్లు అమ్మిన లాభం మీద ఇండియాలో పన్ను పడదు. మాకు రెండేళ్లు వచ్చింది. అది అయిపోయాక 401కె లోపల పెరిగే దాని మీద ఏటా ఇక్కడ పన్ను కట్టాలేమోనని భయపడ్డాను. పోయినేడు అప్పటి ఇన్‌కమ్ టాక్స్ చట్టం సెక్షన్ 89ఏ కింద ఫారం 10-ఈఈ వేశాం, దాంతో డబ్బు తీసుకున్నప్పుడే పన్ను. మా ఆడిటర్‌కి నేనే చెప్పాల్సి వచ్చింది, ఆయన మొదట నమ్మలేదు, ప్రింట్ తీసుకెళ్లి చూపించాను.

ఇంకో మాట. హెచ్1బీ వచ్చాక కోసే సోషల్ సెక్యూరిటీ ముసలితనంలో పెన్షన్‌గా రావాలంటే 40 క్రెడిట్లు కావాలి, ఏడాదికి నాలుగుకి మించి రావు, అంటే కనీసం పదేళ్లు. ఇండియాకి, అమెరికాకి మధ్య దీని మీద ఒప్పందం లేదు, ఎనిమిదో ఏట వచ్చేస్తే ఆ కట్టిందంతా పోయినట్టే. మాకు 40 దాటాయి. మా తోడికోడలు వాళ్లకి 36 దగ్గర లేఆఫ్ వచ్చింది.

ప్లాటు విషయంలో మాత్రం అన్నగారితో ఒప్పుకోను. మా తెల్లాపూర్ ప్లాటు అమ్మే ఈ ఫ్లాట్ కొన్నాం.

మళ్లీ ఎడిసన్ నుంచి:

తెల్లాపూర్‌లో కొన్నవాళ్లు ఎవరైనా ప్లాటు మంచిదనే అంటారమ్మా. షాద్‌నగర్ వాళ్లని అడగండి.

ప్లేనో నుంచి:

తమ్ముడూ, పక్క ఊళ్లోనే ఉంటాను కాబట్టి కారు చూడ్డానికి వెళ్లేటప్పుడు చెప్పు, వస్తాను. నేను మూడేళ్లు మరీ పిచ్చిగా మిగిల్చాను, 70 శాతం. మా చెల్లి పెళ్లికి కూడా టికెట్ రెండు వేల డాలర్లుందని పది రోజులు ఆలోచించి చివరికి వెళ్లలేదు. ఆ రెండు వేలు ఇండెక్స్ ఫండ్‌లో ఇప్పుడు ఎంతయ్యాయో చూసుకునే ధైర్యం కూడా లేదు. నెలకి కొంత తీసి ఇంటికెళ్లే ఖాతా అని విడిగా పెట్టు, దాన్ని పొదుపు శాతంలో కలపకు.

ఇర్వింగ్ నుంచి:

అందరికీ చాలా థ్యాంక్సండీ. ఎడిసన్ అన్నా, పేస్లిప్ చూశాను, ఆ రెండూ కోస్తూనే ఉన్నారు, హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను. అక్కా, ఫ్రీఫిన్‌కాల్ రాత్రి చదివాను. ఇంకో చిన్న డౌట్. మా కంపెనీ 401కెలో మ్యాచ్ 4 శాతం ఉంది, కానీ కాలిన్స్ చెప్పిన ఫండ్ ఆ లిస్టులో లేదు, 22 ఫండ్లున్నాయి, పేర్లన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది పెట్టాలి?

ఎడిసన్ నుంచి:

పేర్లు చూడకు. లిస్టులో ఎక్స్‌పెన్స్ రేషియో అని, అంటే ఫండ్ ఏటా తీసుకునే ఖర్చు శాతం, ఒక కాలమ్ ఉంటుంది, దాన్ని చిన్న అంకె నుంచి పెద్ద అంకెకి పేర్చు. 0.02, 0.03, 0.05 అలా ఉన్నవాటిలో ఎస్ అండ్ పీ 500 అనో, టోటల్ మార్కెట్ అనో ఉన్నది తీసుకో. అవేవీ లేకపోతే రిటైరయ్యే ఏడాదిని బట్టి స్టాకులు, బాండ్లు సర్దే టార్గెట్ డేట్ ఫండ్, అందులోనూ ఖర్చు తక్కువున్నదే. ఇంకొకటి, ఆ మ్యాచ్‌కి వెస్టింగ్ ఉందేమో చూడు. కొన్ని కంపెనీల్లో మూడేళ్లు నిండకుండా మానేస్తే కంపెనీ వేసిన డబ్బు వెనక్కి తీసుకుంటారు. ఓపీటీ వాళ్లకి అది ముఖ్యం, హెచ్1బీ లాటరీ తగలకపోతే ఎక్కడుంటావో తెలియదు కదా. స్క్రీన్‌షాట్ తీసి పంపు, ఆదివారం చూస్తాను. అకౌంట్ నంబర్ కనపడకుండా చెరిపి పంపు.